కావేరి వెలుగు, కోలారు గని, హోసూరు బండి

1902వ సంవత్సరము జూన్ 30వ తేదీన శివసముద్రము జలపాతముకడ పుట్టిన విద్యుచ్ఛక్తి సుమారు 147 కిలోమీటర్ల తీగ వెంబడి సాగి కోలారు బంగారు గనులకు చేరెను. అంత దూరము తీగపై శక్తిని పంపిన ఏర్పాట్లు ఆనాటి ప్రపంచమున వ్రేళ్లమీద లెక్కింపదగినన్ని మాత్రమే. ఆ తీగ తూర్పు కొనన దాటిపోయినది తెలుగు మాటాడు పల్లెసీమ. ఆ పల్లెల రైతులు తమ రాగి చేల మీదుగా పోవుచున్న తీగను చూచిరే గాని, అందులోని వెలుగు వారి యిండ్లకు దిగి వచ్చుటకు మఱికొన్ని దశాబ్దములు పట్టెను.

నేడు అదే సీమకు దక్షిణముగా, తమిళనాట చేరియున్న హోసూరు ప్రాంతమున, విద్యుత్తుతో నడచు వాహనములు వేలకు వేలుగా తయారగుచున్నవి. జనులు వానిని కరెంటు బండ్లందురు. బండ్లతోపాటు ఒక సందేహమును పుట్టినది. దేశమున జనము ఇంత పెరిగిరే, ఉన్న కరెంటు దీపములకే చాలక కోతలు పడిన రోజులు మఱవలేదే, ఇక బండ్లకు గూడ కరెంటు ఎచ్చటనుండి వచ్చును? ఈ సందేహము తేలికగా త్రోసివేయదగినది కాదు. అయితే ఇది క్రొత్తదియు కాదు. కావేరీతీరమున మొదటి యంత్రము తిరిగిన నాడే ఇది మఱియొక రూపమున పుట్టినది.

శివసముద్రపు విద్యుత్కేంద్రము ఆసియాలో మొదటిదని పలువురు వ్రాయుదురు. అది సరికాదు. 1897లోనే డార్జిలింగు చేరువ సిద్రాపాంగులో చిన్న జలవిద్యుత్కేంద్రము వెలసియుండెను. కాని అది ఒక పట్టణపు దీపములకు ఉద్దేశింపబడినది. దూరముననున్న ఒక పెద్ద పరిశ్రమను నదీజలముతో నడపింపవచ్చునని మన దేశమున చూపినది మైసూరు సంస్థానమే. దివాను కె. శేషాద్రి అయ్యరు ఈ పనికి పూనుకొనెను. సంస్థానపు ఇంజనీరు డి లాట్‌బినియర్ పథకమును రచించెను. శేషాద్రి అయ్యరు 1901లో మరణించుటచే తీగలో శక్తి పాఱుట ఆయన కన్నులజూడలేదు.

గనులకు ఆ శక్తి అంత అవసరమేల యయ్యెనో తెలిసికొనవలెను. కోలారు గనులు జాన్ టెయిలర్ అండ్ సన్స్ అను ఆంగ్ల సంస్థ నిర్వహణమున 1880ల నుండి వృద్ధి పొందెను. బంగారపు రాతిపట్టె భూమిలోనికి ఏటవాలుగా దిగిపోవుటచే, ఏటేట గని లోతగుచుండెను. లోతు పెరిగినకొలది రాతిని పైకి లాగుటకు, ఊటనీటిని తోడుటకు, మనుష్యులను దింపి ఎక్కించుటకు, లోపలికి గాలి పంపుటకు ఎక్కువ శక్తి కావలెను. ఆ శక్తిని ఆవిరి యంత్రము లిచ్చుచుండెను. వానికి బొగ్గు రైలుపై దూరమునుండి రావలసి యుండెను. కట్టెలకై చుట్టుప్రక్కల అడవులు తరుగుచుండెను. కావున గనియజమానులు కావేరి నీటికి ధర కట్టి, సుమారు 4,000 గుఱ్ఱపు బలము శక్తిని కొనుటకు ఒడంబడిరి.

జనసంఖ్య మాటయు ఇచ్చటనే వచ్చుచున్నది. 1891లో సుమారు 7 వేల జనమున్న కోలారు గనుల ప్రాంతము 1901 నాటికి 38 వేలు దాటెను. పదేండ్లలో అయిదింతలు! ఇట్లు చేరినవారు ఆకాశమునుండి ఊడిపడినవారు కారు. ఉత్తర ఆర్కాటు, చిత్తూరు, సేలము ప్రాంతముల నుండి వచ్చిన తమిళులు, తెలుగువారు, అందులోను భూమిలేని బీదజనము. కఱవు తఱిమినవారు కొందఱు, కూలిడబ్బు పిలిచినవారు కొందఱు. జనము పెరుగుటచే శక్తి కొఱతపడెనని చెప్పుట ఇచ్చట తలక్రిందుల మాట. శక్తి వచ్చి పని పెరిగినచోటికి జనము చేరిరి.

ఆ శక్తికి మొదటి హద్దు పదేండ్లు గడవకముందే కనబడెను. కావేరి వర్షకాలమున పొంగిపొరలునే గాని వేసవిలో సన్నగిలును. నది సన్నగిలిన నెలలలో యంత్రములు తగినంత తిరుగవు. గనులకిచ్చిన మాట తప్పును. 1905 ఆగస్టులో బెంగుళూరు వీధులకు దీపము లిచ్చిన తరువాత గిరాకి మఱింత పెరిగెను. నీటిని నిలువచేయక తప్పదని వాదించి, కృష్ణరాజసాగరపు ఆనకట్టకు రూపకల్పన చేసినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య. వారి పూర్వులు మోక్షగుండము గ్రామమునుండి మైసూరు సీమకు తరలిపోయిన తెలుగువారు. ఇంటి పేరున ఊరిని మోసికొని, పరాయి యేటికి కట్ట కట్టిన యీ ఇంజనీరు కథ మన ప్రవాసాంధ్ర కుటుంబముల కెల్ల తెలిసినదే.

1911లో ఆరంభమైన ఆ ఆనకట్ట 1930ల ఆరంభమునకు గాని ముగియలేదు. ఆలస్యమునకు ధనము ఒక్కటే కారణము కాదు. మైసూరు ఎగువన నీటిని ఆపిన, దిగువన తంజావూరు వరిచేలు ఏమి కావలెనని మదరాసు ప్రభుత్వము అడ్డుపడెను. 1892 నాటి ఒడంబడిక చూపిరి. మధ్యవర్తి తీర్పు 1914లో మైసూరునకు అనుకూలముగా రాగా మదరాసు ఒప్పుకొనలేదు. తుదకు 1924లో రాజీ కుదిరెను. మదరాసు తనవంతుగా మేట్టూరు ఆనకట్టను 1934లో పూర్తిచేసికొనెను. ఒక్క యేటి నీటిని గని యంత్రమునకా, తంజావూరు నాగలికా యని పంచుకొనవలసివచ్చిన ఆ వివాదము శక్తి హద్దులను గూర్చిన పాఠములలో మనకు మొదటిది. పంపకమునకు కూర్చున్నవారిలో తీగక్రింది పల్లెవాడు లేడు.

విద్యుత్తుతో బండిని నడపుట మన దక్షిణదేశమునకు ఇంకను పాతది. 1895 మే 7వ తేదీన మదరాసులో విద్యుత్ ట్రాము నడచెను. భారతదేశమున అదియే మొదటిది. తొలుత తీగను వీధి క్రింద కాలువలో పఱచిరి. మదరాసు వానలకు ఆ కాలువ నిండుచుండుటచే కొలదికాలములోనే తీగను నెత్తిమీదికి ఎత్తిరి. చెన్నపట్టణపు తెలుగువారు యాబదియేండ్లకు పైగా కొలువులకు, కళాశాలలకు, కొత్వాలుచావడి బజారుకు ఆ ట్రాములపైననే తిరిగిరి. నష్టము వచ్చుచున్నదని కంపెనీ 1953 ఏప్రిలులో వానిని ఆపివేసెను. అదే సంవత్సరము అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్ర మేర్పడి, తెలుగువారికి ఆ నగరముతో రాజధానీసంబంధము తెగెను. రెండింటికిని సంబంధము లేకున్నను, చెన్నపట్టణపు పెద్దలు ఈ రెంటిని జంటగనే తలచుకొనుచుండిరి.

తీగను విడిచి స్వేచ్ఛగా పోవు కరెంటు బండి మాట వేఱు. అది శక్తిని తనతో మోసికొనిపోవలెను. ఫ్రాన్సు దేశీయుడు గాస్టన్ ప్లాంటే 1859లో సీసపు బ్యాటరీని కనిపెట్టెను. 1899లో బెల్జియము దేశీయుడు కమీల్ జెనాట్జీ కరెంటు బండిపై గంటకు నూఱు కిలోమీటర్ల వేగమును మించెను. ఏ మోటారు బండియు అంతకుముందు ఆ వేగమును అందుకొనలేదు. 1900లో అమెరికాలో తయారైన 4,192 కార్లలో 1,681 ఆవిరివి, 1,575 కరెంటువి, 936 మాత్రమే పెట్రోలువి. ఇట్లు ముందుండిన కరెంటు బండి పదునైదేండ్లలో ఎట్లు వెనుకబడెను? టెక్సాసులో 1901లో నూనె ఎగజిమ్మెను. 1908లో ఫోర్డు చౌకబండి వచ్చెను. 1912లో చేతిపిడి త్రిప్పుపని లేకుండ బయలుదేఱు పెట్రోలు కారు వచ్చెను. అంతకంటె మూలకారణము బరువు. సీసపు బ్యాటరీ బండిని మోయుటకంటె బండియే బ్యాటరీని మోయవలసి వచ్చుచుండెను.

ఆ బరువు తీరుటకు ఎనుబదియేండ్లు పట్టెను. లిథియము అను మిక్కిలి తేలిక లోహముతో పనిచేయు బ్యాటరీలు 1991లో అంగటికి వచ్చెను. వానికి పునాది వేసిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2019లో నోబెలు బహుమాన మిచ్చిరి. అయితే మనవారు లిథియము చౌకయగువఱకు వేచియుండలేదు. 2001లో బెంగుళూరున చేతన్ మైనీ ఆధ్వర్యమున రేవా అను చిన్న కరెంటు కారు వెలువడెను. సీసపు బ్యాటరీతోనే, ఒక్కసారి శక్తి నింపినచో సుమారు 80 కిలోమీటర్లు పోవునది. లండను వీధులలో అది చక్కగా తిరిగెను గాని, బెంగుళూరువారు దానిని వింతగా చూచిరే తప్ప విరివిగా కొనలేదు. 2010లో అది మహీంద్రావారి చేతికి పోయెను. రేవా బయలుదేఱిన ఆ 2001లోనే, ఫిబ్రవరి నెలాఖరున, కోలారు బంగారు గనులు మూతపడెను. లోతు మూడు కిలోమీటర్లు దాటినది. టన్ను రాతిలో దొరకు బంగారము తరిగినది. దానిని పైకి తెచ్చుటకగు శక్తివ్యయము పెరిగినది. శక్తి హద్దు అనగా శక్తి పూర్తిగా అయిపోవుట కాదు, పెట్టిన శక్తికి తగిన ఫలము రాకపోవుట యని ఆ గని నూఱేండ్లు పైబడిన తన జీవితముచే చూపినది.

ఇక హోసూరు. 1956లో రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణమునాడు ఇది సేలము జిల్లాతోపాటు మదరాసు రాష్ట్రముననే నిలిచెను; 1965లో ధర్మపురి జిల్లాకు, 2004లో కృష్ణగిరి జిల్లాకు చెందినది. బాగలూరు, బేరికె, డెంకణికోట చుట్టుప్రక్కల ఇంటింట తెలుగే వినబడును. సంతలో కన్నడము, కచ్చేరీలో తమిళము. 1970ల నుండి ప్రభుత్వపు పారిశ్రామికవాడ పెరిగి, 1980లో ఇచ్చటనుండి టి.వి.యస్. వారి చిన్న మోపెడు బయలుదేఱినది. ఆ కంపెనీయే 2020లో కరెంటు స్కూటరును తెచ్చినది. 2013లో మదరాసు ఐ.ఐ.టి. పట్టభద్రు లిరువురు స్థాపించిన ఏథర్ సంస్థ 2021లో హోసూరున కర్మాగారము తెఱచినది. అదే యేడు కృష్ణగిరి జిల్లా పోచంపల్లిలో ఓలా సంస్థ సుమారు 500 ఎకరముల స్థలమున తన కర్మాగారము నెలకొల్పినది. ఇది చేనేతకు పేరొందిన తెలంగాణపు పోచంపల్లి కాదు; పేరొక్కటే, ఊరు వేఱు. 2011 జనగణనమున 1,16,821 జనమున్న హోసూరు 2019లో నగరపాలకసంస్థ యయ్యెను.

ఈ బండ్లకు కరెంటు చాలునా యను ప్రశ్నను అంకెలతో పరీక్షింపవచ్చును. ఒక స్కూటరు బ్యాటరీ సుమారు మూడు యూనిట్లు పట్టును. దానితో తొంబది కిలోమీటర్లు పోవుననుకొందము. దినమునకు పాతిక కిలోమీటర్లు తిరుగువానికి ఒక యూనిట్టు కూడ అక్కఱలేదు; ఏటికి 300 యూనిట్లు. దేశమున ఇరవై కోట్ల ద్విచక్రవాహనములు ఇట్లు మాఱిన, ఏటికి 6,000 కోట్ల యూనిట్లు కావలెను. 2023–24లో దేశమున పుట్టిన విద్యుత్తు ఇంచుమించు 1,74,000 కోట్ల యూనిట్లు. అనగా నూటికి మూడున్నర పాలు. కార్లు, బస్సులు, లారీలు చేరినచో ఈ పాలు పెరుగుననుట నిజమే. అయినను స్కూటరు వలన దేశము చీకటి యగునన్న భయమునకు ఆధారము లేదు.

భయపడవలసినది మొత్తమును గూర్చి కాదు, వేళను గూర్చి. అందఱును పని ముగించి ఇంటికి వచ్చి, దీపము, ఫంకా, వంటింటి మిక్సీ నడచు సాయంకాలముననే బండికిని శక్తి నింపుదురు. వీధి చివరనున్న ట్రాన్స్‌ఫార్మరు ఆ బరువును మోయలేక చతికిలబడును. 2012లో తమిళనాడు జిల్లాలలో దినమునకు పది గంటలకు మించిన కోతలను అనుభవించిన హోసూరు ప్రాంతపు చిన్న పరిశ్రమలవారికి ఈ సంగతి వేఱుగ చెప్పనక్కఱలేదు. ఆ కొఱత కొంత తీరుటకు ఒక కారణము 2013 డిసెంబరు 31న రాయచూరు–షోలాపురముల నడుమ తీగ కలిసి, దక్షిణదేశపు విద్యుజ్జాలము దేశపు జాలముతో ఏకమగుట. రాయచూరున తెలుగువారు స్థిరపడి తరములు గడచినవి. షోలాపురమున మన పద్మశాలీల మగ్గములు నిన్న మొన్నటివి కావు. తెలుగువారున్న ఆ రెండు ఊళ్ల నడుమనే ఈ ముడి పడినది. నేడు హోసూరు బండిలో నిండు శక్తిలో కొంత చంద్రపురము బొగ్గుది కావచ్చును. ఆ బొగ్గును త్రవ్వినవారిలో బల్లార్షా తెలుగు కూలివాడు ఉండవచ్చును. దేశపు విద్యుత్తులో ఇంచుమించు ముప్పాతికపాలు ఇంకను బొగ్గునుండియే పుట్టుచున్నది. హోసూరు వీధిలో పొగ లేదనుట సత్యము. పొగ లేనేలేదనుట సత్యము కాదు.

జనసంఖ్యను గూర్చిన వాదము ఇంకొకటి. ఆంగ్లదేశమున 1798లో మాల్థసు, ఆహారము పెరుగుటకంటె వడిగా జనము పెరుగుదురని వ్రాసెను. 1865లో జెవన్సు బొగ్గును గూర్చి వ్రాయుచు, యంత్రము పొదుపుగా పనిచేయుకొలది బొగ్గు ఖర్చు తగ్గక పెరుగునని చూపెను. పని చౌకయైనపుడు మనుష్యుడు ఎక్కువ పని చేయించుకొనును గనుక. మనకు రెండవవాని మాటయే ఎక్కువ పట్టినది. 1951లో 36 కోట్లున్న మన దేశజనము నేడు ఇంచుమించు నాలుగింతలైనది. 1947లో తలకు ఏటికి సుమారు 16 యూనిట్లున్న విద్యుద్వినియోగము 2023–24 నాటికి 1,390 యూనిట్లు దాటినది. ఇది ఎనుబది రెట్లకు పైమాట. తలలు పెరుగుటకంటె తలకు వాడుక పెరుగుటయే శక్తిగిరాకికి హెచ్చు కారణమని ఈ రెండంకెలే చెప్పుచున్నవి. తలకు పదునాఱు యూనిట్ల బ్రతుకు చీకటి బ్రతుకే కావున, ఈ పెరుగుదల తప్పనియు అనరాదు.

పైగా తెలుగువారు చిరకాలముగా నివసించు రాష్ట్రములలో సంతానము తగ్గుముఖము పట్టినది. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణము ప్రకారము స్త్రీకి సగటు సంతానము ఆంధ్ర, కర్ణాటక, మహారాష్ట్రములలో 1.7, తమిళనాడు, ఒడిశా, తెలంగాణములలో 1.8. జనసంఖ్య నిలకడగానుండుటకు కావలసినది 2.1. చిన్న పాఠశాలలలో పిల్లలు తగ్గుట చూచుచున్నవారికి ఈ అంకె వింతగా తోపదు. ఇట్టి సీమలలో జనభారమును చూపి భయపెట్టుట పాతపంచాంగము చదువుటయే.

మఱి ఎవరిపై భారము పడుచున్నది? కోరాపుట్టు కొండలలోని మాచఖండ్ పథకమును చూడుడు. మదరాసు, ఒడిశాలు 1940ల దశకమున కుదుర్చుకొన్న ఏర్పాటున 70, 30 పాళ్ల వంతుతో ఆరంభమై, ఆంధ్ర, ఒడిశాల ఉమ్మడి పథకముగా 1955లో ప్రారంభోత్సవము జరుపుకొనెను. డుడుమ జలపాతపు బలము విశాఖపట్టణమునకు వెలుగైనది. జలాపుట్టు జలాశయము క్రింద మునిగిన పల్లెలవారు, ముఖ్యముగా గిరిజనులు, చెట్టునకొకరు పుట్టకొకరుగా చెదరిపోయిరి. జయపురపు తెలుగువారికి ఈ కథ తెలియును. విశాఖవాసులలో తెలిసినవారు తక్కువ.

ఇటీవలి ఉదాహరణము కర్ణాటకమున తుమకూరు జిల్లాలోని పావగడ. అనంతపురము జిల్లాను ఆనుకొనియున్న ఈ తాలూకాలో తెలుగు విరివిగా వాడుకలోనున్నది. వానలు లేని ఈ సీమలో తిరుమణి, వళ్లూరు, బాలసముద్రము, రాయచెర్లు, క్యాతగానచెర్లు గ్రామముల భూములపై 2018 నుండి సూర్యశక్తి పలకలు పఱచిరి. సుమారు 13,000 ఎకరములు, 2,050 మెగావాట్లు. భూమిని కొనక, ఎకరమునకు ఏటికి 21,000 రూపాయల చొప్పున కౌలుకు తీసికొనిరి. వేరుసెనగ ఎండిపోవుట తప్ప ఎఱుగని రైతునకు అది నిలకడైన రాబడి. ఇది మాచఖండ్ పద్ధతికంటె మేలైనదని ఒప్పుకొనవలెను. కాని కౌలు భూమి గలవానికే. కలుపు తీసి, కాయ ఒలిచి, పశువులు మేపి బ్రతికిన భూమిలేని కూలివానికి పలకల నడుమ పనిలేదు. ఇంకొక చిక్కు: పావగడ సూర్యుడు పగలే శక్తినిచ్చును, హోసూరు బండి రాత్రి ఇంటికి వచ్చును. ఆ పగటిశక్తిని రాత్రికి దాచుటకు మఱల బ్యాటరీయే కావలెను. పని చేయుచోటనే పగలు బండికి శక్తి నింపు వసతి కల్పించిన కొంత మేలు.

ఆ బ్యాటరీకి కావలసిన లిథియము కొఱకు మన దేశము పరదేశముల మీద ఆధారపడియున్నది. 2021లో, శివసముద్రమునకు చేరువనున్న మండ్య జిల్లా మర్లగల్లకడ 1,600 టన్నుల లిథియపు నిధిని గుర్తించినట్లు ప్రకటింపబడెను.  స్కూటరునకు నాలుగువందల గ్రాములు చొప్పున లెక్కించినను, త్రవ్వకములో నష్టము లేనట్లు భావించినను, అది నలుబది లక్షల స్కూటర్లకు సరిపోవును. దేశమున ఏటేట అమ్ముడుపోవు ద్విచక్రవాహనములలో అది నాల్గవ వంతునకు కూడ చాలదు.

కోలారు గనులలో తోడుయంత్రములు ఆగిన తరువాత సొరంగములు నీట నిండిపోయినవి. గని కార్మికుల మనుమలు, మునిమనుమలు ఆ పాత వరుస యిండ్లలోనే కాపురముండి, వేకువనే మారికుప్పముకడ రైలెక్కి, బంగారుపేట మీదుగా బెంగుళూరు కొలువులకు పోవుచున్నారు. ప్రొద్దుగ్రుంకిన పిమ్మట తిరిగి వచ్చుచున్నారు. వారెక్కు రైలు నడచునది కరెంటుతోనే.